గడ్డిమేడ

రెండేళ్ళుగా ఆ రేకు అక్కడే వేలాడుతోంది. నల్లరంగు మీద తెల్ల అక్షరాలు: పై అంతస్తు అమ్మబడును, లోపల విచారించవలెను. మొదటి ఏడు వానలకి 'విచారించవలెను' చెరిగిపోయింది. రెండో ఏడు ఈదురుగాలికి ఒక మేకు ఊడి రేకు పక్కకి ఒంగింది. 'అమ్మబడును' అన్న మాట మాత్రం ఏటవాలుగా వీధిలోకి చూస్తూ ఉండిపోయింది.

విజయనగరంలో కోటగోడకి కాస్త ఎడంగా ఉన్న ఆ కట్టడాన్ని గడ్డిమేడ అంటారు. పూర్వం ఎవరో చిన్న జమీందారు, పట్నం వచ్చినప్పుడు తన గుర్రాలు ఉండటానికని కట్టించాడు. కింద గుర్రాలు, పైన వాటి గడ్డి. మూరెడు మందం గోడలు. పైభాగంలో గడ్డి ముక్కిపోకుండా గాలి ఆడాలని, గోడల నిండా జానెడేసి కంతలు వదిలారు. వీధి వైపు, రెండు నిలువుల ఎత్తున, కింద మెట్టన్నది లేకుండా ఒక తలుపు ఉంటుంది. బళ్ళమీద వచ్చిన గడ్డిమోపుల్ని ఆ తలుపులోంచి లోపలికి లాగేవారట. గుర్రాలు ముందు పోయాయి, తరవాత జమీందారీలు పోయాయి. ఇప్పుడు గుర్రాలు కట్టిన చోట గోడలు లేపి, సున్నం వేసి, కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన గణపతిరావుగారు, ఆయన భార్య తాయారమ్మ కాపురం ఉంటున్నారు. కట్టడం గణపతిరావుగారి తండ్రికి ఆ జమీందారే ఇచ్చాడు.

పైభాగం గణపతిరావుగారికి బరువైపోయింది. కోతులు పెంకులు లాగేసేవి. ఏటా వానలకి ముందు మనుషుల్ని ఎక్కించి సర్దించాలి. అరవై దాటిన మనిషి కింద నిలబడి తల పైకెత్తి కేకలు వెయ్యలేకపోయాడు. అమ్మేద్దామనుకున్నాడు. కానీ ఎవరు కొంటారు? పైకి వెళ్ళే మెట్లు ఆయన ముందుగదిలోంచి ఎక్కాలి. పైన వంటగది లేదు, గోడల నిండా కంతలు. రాయగడ నుంచి ఒక జనపనార వర్తకుడు వచ్చి చూసి, "ఇది ఇల్లా, జల్లెడా?" అని వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో లక్ష్మణమ్మ వచ్చింది.

ఆమెది కోనాడ. సముద్రం మీద బతికేవాళ్ళు. మొగుణ్ణి సముద్రం పుచ్చుకుని పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ ఎండుచేపల వ్యాపారం చేస్తోంది. నెత్తళ్ళు, సావిడాయిలు లాంటి చేపలు ఇసకలో ఎండబెట్టించి, గంపలకెత్తి, బస్సు టాపుమీద వేసి విజయనగరం తెచ్చేది. సాలూరు, పార్వతీపురం సంతల వాళ్ళు ఆమె దగ్గరే కొనేవారు. ఒక్కటే ఇబ్బంది. వానాకాలం ఒడ్డున గాలిలోనే నీళ్ళుంటాయి. ఎంత ఎండబెట్టిన చేపైనా మళ్ళీ మెత్తబడి పురుగు పడుతుంది. పట్నంలో పొడిగా, గాలి ఆడే చోటు ఉంటే నాలుగు నెలలు సరుకు నిలుస్తుంది. చేపల గంప చూసి చోటిచ్చేవాళ్ళు పట్నంలో లేరు.

ఇది అందరికీ చెప్పే కారణం. చెప్పనిది ఇంకొకటి ఉంది.

ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తల్లి వెంట గంప మోసుకుని మొదటిసారి ఈ వీధికి వచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి వాన ముంచుకొచ్చింది. గుర్రాలసావిడి చూరు కిందికి వెళ్ళబోతే గుర్రాలవాడు చెయ్యి అడ్డంపెట్టాడు. చేపల వాసనకి గుర్రాలు బెదురుతాయన్నాడు. తల్లీ కూతురూ వీధిలో తడుస్తూ నిలబడ్డారు. పిల్ల తల పైకెత్తి చూసింది. గడ్డి తలుపు తెరిచి ఉంది. లోపల పసుపుపచ్చని గడ్డి, పొడిగా, మెత్తగా, కప్పు దాకా పేర్చి ఉంది. ఒక్క చుక్క పడటం లేదు దానిమీద. గడ్డికి ఇల్లుంది అనుకుంది పిల్ల.

ఆ మాట ముప్పై అయిదేళ్ళు ఆమెలో ఉండిపోయింది. పెరగలేదు, అరగలేదు. గొంతులో ఇరుక్కున్న చేపముల్లు కొన్నాళ్ళకి నొప్పి మానేసి కండలో భాగమైపోయినట్టు ఉండిపోయింది. తనకి ఏదైనా దక్కనప్పుడు, ఎవరైనా కసిరినప్పుడు, ఆ ముల్లు ఉన్నచోటు తెలిసేది.

* * *

మొదటిసారి చూడటానికి వచ్చిన రోజు లక్ష్మణమ్మ చేతులు మూడుసార్లు తోముకుంది. చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్ళీ చింతపండుతో. పట్నంలో పెద్దవాళ్ళ గుమ్మం ఎక్కాల్సివస్తే ఎప్పుడూ అంతే. గంప తేలేదు. ఉతికిన చీర కట్టుకుంది. తమ్ముడు జోగయ్యని వెంటపెట్టుకుంది. తెప్ప మీద గొంతు చించుకుని అరిచే జోగయ్య ఈ గుమ్మం దగ్గర తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

గణపతిరావుగారు పడక్కుర్చీలో ఉన్నాడు. ముక్కుపొడుం డబ్బీ మూత మీద వేలితో కొడుతూ అడిగాడు.

"ఎవరి తరఫున వచ్చావు?"

"నా తరపునే బాబూ. నానే కొంతాను."

"నువ్వా? పైన ఏం చేస్తావు?"

ఇంట్లో అనుకుని వచ్చిన అబద్ధం ఒకటుంది, మేనకోడలు చదువుకోడానికి అని. తీరా నోరు తెరిచేసరికి అది రాలేదు.

"ఎండుసేపలు పెట్టుకుంటాను."

ఆయన డబ్బీ మూసేశాడు. ఉత్తరీయం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అదీ సంగతి. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టినప్పట్నుంచీ చూస్తున్నాను, ఈ వాసన ఎక్కణ్ణుంచా అని."

జోగయ్య తల వంచుకున్నాడు. లక్ష్మణమ్మ మాత్రం ఆశ్చర్యపోయింది. ఆ రోజు ఆమె చేతులకి చింతపండు వాసన తప్ప ఏమీ లేదు. తనకది తెలుసు. అయినా ఒక్క క్షణం తన ముక్కుమీద తనకే నమ్మకం పోయింది.

"రెండేళ్ళయింది రేకు కట్టి, ఎవరూ రాలేదు. చూసిపోనివ్వండి," అంది లోపల్నుంచి తాయారమ్మ. "చూస్తే అరిగిపోతుందా?"

మెట్లు పదిహేడు. టేకువి. పక్కన పట్టుకునే కర్ర అద్దంలా నున్నగా ఉంది. లక్ష్మణమ్మ దాన్ని ముట్టుకోలేదు. చీరకొంగు కూడా తగలకుండా, గోడవైపు ఒదిగి ఎక్కింది. సగం ఎక్కాక తను అలా ఒదగటం తనకే కనిపించింది.

పైన చూసేసరికి ఇవన్నీ మరిచిపోయింది. వందల కంతల్లోంచి వెలుగు సన్నటి కడ్డీల్లాగా లోపలికి దిగి ఉంది. గాలి ఒక గోడలోంచి వచ్చి రెండో గోడలోంచి పోతోంది. ఒడ్డున పుట్టినదానికి గాలి చదవటం రాకపోతే ఇంకేం వచ్చినట్టు? వేలు తడిచేసి పైకెత్తి పట్టుకుంది. తరవాత కొంగు ముడి విప్పి, ఆకులో కట్టిన ఉప్పు ఒక చిటికెడు తీసి దూలం మీద పోసింది.

"అదేమిటి?" అంది వెనకాలే వచ్చిన తాయారమ్మ, రెండు మెట్లు వెనక్కి దిగి. "ఏదైనా చేతబడి చేస్తున్నావా మా ఇంట్లో?"

"ఉప్పండమ్మా. వారం పోయాక సూస్తాను. తడిసిపోతే నాకీ మేడ వొద్దు. పొడిగుంటే వొదల్ను."

"ఉప్పుని అడిగి ఇల్లు కొనేవాళ్ళని నిన్నే చూశాను."

"మడిసి అబద్దం ఆడతాడు. ఉప్పు ఆడదు కదమ్మా."

తాయారమ్మ నవ్వి, మళ్ళీ రెండు మెట్లు ఎక్కింది.

లక్ష్మణమ్మ గడ్డి తలుపు గడియ తీసింది. తుప్పుపట్టి కీచుమంది. తలుపు పైన గోడలోంచి ఒక దూలం బయటికి బారెడు చాచి ఉంది, చివర ఇనప కొక్కెం. ఆమె దాన్ని చూసి, మళ్ళీ చూసింది.

కింద వీధి. చూరు. చూరుకి రెండడుగుల అవతల, తనూ తల్లీ తడిసిన చోటు.

ఇన్నేళ్ళూ ఈ తలుపులోంచి కిందికి చూస్తే ఎలా ఉంటుందో అనుకుంటూ వచ్చింది. ఎవరి తలమీదో కాలు పెట్టినట్టుంటుందనుకుంది. కానీ ఆ చోటుని పైనుంచి చూడగానే, కిందనుంచి ఎన్నడూ కనపడనిదొకటి కనపడింది. తల్లి మొహం. పిల్ల పైకి గడ్డివైపు చూస్తూ ఉండిపోయింది గనక ఆ రోజు తల్లి మొహం చూడలేదు. అమ్మ ఏడ్చిందని తరవాత తనే అనుకుంది. ఏళ్ళ తరబడి ఆ ఏడుపు చూసినట్టే గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు చెవిలో ఒక శబ్దం తిరిగి వచ్చింది. అది ఏడుపు కాదు. అమ్మ నవ్వుతోంది. గుర్రాలవాడితో, "నీ గుర్రాలకి పిరికి మందేటైనా ఎట్టినారేటిరా?" అంటోంది. వాడూ నవ్వాడు. ఆ తరవాత అమ్మ గంప సర్దుకుని వానలోనే నడిచిపోయింది.

అంటే అమ్మకి ఏమీ గుచ్చుకోలేదు. గుచ్చుకున్నది తనకే. అమ్మ తరఫున అనుకుని మోస్తున్నదంతా తన సొంతం.

ఇది తెలిశాక ఆమెకి కోపం తగ్గాలి. తగ్గలేదు. ఇంకొకరి కోసం పడే కోపానికి ఎక్కడో ఒకచోట సర్దుకుపోవటం ఉంటుంది. ఇది తనది, ఇక సర్దుకోవాల్సిన పని లేదు అనిపించింది. మేడ కావాలి. అమ్మ కోసం కాదు. తనకి కావాలి.

వారం పోయాక వచ్చి చూసింది. ఉప్పు రాలుతోంది, ఇసకలాగ.

* * *

ధర దగ్గర పేచీ రాలేదు. పేచీ కాగితం దగ్గర వచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు తాటాకు పందిరి కింద దస్తావేజులు రాసే కూర్మయ్య, పెట్టె మీద కాగితం పరుచుకుని కూర్చున్నాడు. ఎదర బెంచీ మీద గణపతిరావుగారు. కింద చాప మీద లక్ష్మణమ్మ, జోగయ్య. ఆమెకి చదువు రాదు గనక కూర్మయ్య ఒక్కొక్క వాక్యం రాసి పైకి చదువుతున్నాడు. తూర్పున వీధి, దక్షిణాన ఫలానావారి దొడ్డి, అలా నాలుగు ఎల్లలూ చదివాడు. అప్పుడు గణపతిరావుగారు చెయ్యెత్తాడు.

"షరతు ఒకటి రాయి. మెట్లు నా ముందుగదిలోంచి పోతాయి. ఆ మెట్లమీదుగా ఈమె గాని, ఈమె మనుషులు గాని, పచ్చివి గాని ఎండువి గాని చేపలు తీసుకుపోరాదు."

జోగయ్య నోరు తెరిచాడు. లక్ష్మణమ్మ మోచేత్తో పొడిచింది.

"రాయండి కూర్మయ్యబాబూ," అంది.

ఆమె అంత తొందరగా ఒప్పుకోవటం గణపతిరావుగారికి నచ్చలేదు. బేరం తెగిపోవాలనే వచ్చాడేమో, లేకపోతే ఆమె బతిమాలితే వినాలని వచ్చాడేమో. ముక్కుపొడుం ఎక్కించి, కళ్ళు తుడుచుకుని ఇంకో మాట అన్నాడు.

"చేపల వాసన సైతం మెట్లమీదికి రానీయరాదు. అదీ రాయి."

కూర్మయ్య కలం ఆగింది.

"వాసన ఎలా రాయనండి?"

"రాయి. తెలుగులో మాట లేదా?"

"మాట ఉందండి. ఎల్లలు లేవు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను, ప్రతిదానికీ తూర్పు, పడమర అడుగుతారు. వాసనకి తూర్పున ఏముందని రాయమంటారు?"

"నీ సరసాలు తరవాత. రాయి."

"అది వొద్దు," అంది లక్ష్మణమ్మ.

"ఏటప్పా, రాయనీ," అన్నాడు జోగయ్య గొంతు తగ్గించి. "వాసన ఎవుడు కొలుస్తాడు? యేలుముద్దర యేసేసి పోదుము."

ఆమె తమ్ముడి వైపు చూడలేదు. తన చేతులు చూసుకుంటోంది. ఈ పొద్దు కూడా మూడుసార్లు తోమింది. చింతపండు పులుపుకి వేళ్ళ కొసలు పగిలాయి. చేప సరుకు. సరుకుని ఈ దారిన తేకు అంటే ఇంకో దారిన తెచ్చుకోవచ్చు. వాసన సరుకు కాదు. అది గంప దించేసినా దిగదు. తలలో ఉంటుంది, గోళ్ళలో ఉంటుంది, పుట్టిన పిల్లకి పాలతో పాటు పోతుంది. ఆ మాటకి వేలిముద్ర వేస్తే, మేడ తనదవుతుంది గాని తను మేడలోకి పోకూడదని తనే ఒప్పుకున్నట్టు.

లేచి నిలబడింది. కుడిచెయ్యి చాచి గణపతిరావుగారి మొహానికి జానెడు దూరంలో పెట్టింది. ఆయన బెంచీ మీద వెనక్కి జరిగాడు.

"సూడండి బాబూ. ముప్పయ్యయిదేళ్ళ నుంచి తోమతన్నాను ఈ సెయ్యి. సేపలు తేవద్దంటే తేను. ఈ సెయ్యి వీదిలో ఇడిసేసి మెట్లెక్కమంటే ఎక్కను. వాసన మాట కొట్టించెయ్యండి, యేలు యేస్తాను. నేదంటే మీ మేడ మీకే ఉంచుకోండి."

"ఉంచుకుంటాను. నువ్వే దిక్కనుకున్నావా?"

"నానూ అదే అంతన్నాను. నాకూ మీ మేడొకటే దిక్కు కాదు."

ఆమె చీర దులుపుకుని బయటికి నడిచింది. వెనకాల కూర్మయ్య కాగితం మడత పెడుతున్న చప్పుడు వినిపించింది.

బస్సు భోగాపురం దాటాక జోగయ్య అన్నాడు.

"నీకు మేడ కావాలేటి, తగువు కావాలేటి?"

ఆ ప్రశ్న కోనాడ దాకా ఆమెతో వచ్చింది. పందిరిలోంచి బయటికి వస్తున్నప్పుడు ఒంట్లో ఒక తేలిక కలిగిన మాట నిజం. కాదనిపించుకోవటం తెలిసిన పని. అందులో నొప్పి ఉంది, సుఖం కూడా ఉంది. మేడ దొరికితే ఆ ముల్లు ఉన్నచోట ఏముంటుందో ఆమెకి తెలియదు. ఆ తెలియకపోవటానికి భయపడి లేచి వచ్చానా? రాత్రి కూడు కలుపుతూ తనని తనే అడిగింది. కాదు అని చెప్పుకుంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అడిగి, కొంచెం అదీ ఉంది అని చెప్పుకుంది. అయినా వాసన దగ్గర మాత్రం వేలు వెయ్యను అనుకుంది. రెండూ నిజమే అయినప్పుడు దేన్నీ దాచక్కర్లేదు.

* * *

రెండు సంతలు పోయాయి. గడ్డిమేడ కిందనుంచి వెళ్ళినా తల ఎత్తి చూడలేదు. మూడో సంతనాడు ఆకాశం ఒకమూల నల్లబడింది. ఎండుచేపల బజారులో గంప ముందు కూర్చుని తూస్తూంటే ఎదర ఎవరో నిలబడ్డారు. ఎర్రంచు మధురచీర, కాళ్ళకి పసుపు. తాయారమ్మ. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. చుట్టుపక్కల గంపలవాళ్ళు మాటలు మాని చూస్తున్నారు.

"కొనడానికి రాలేదు," అంది ముందే.

"తెలుస్తన్నాదమ్మా. కూకోండి." ఖాళీ గోనె ఒకటి మడిచి వేసింది.

తాయారమ్మ కూర్చుంది. కాసేపు చేపల వైపు చూసింది.

"వీటి వాసన ఇలా ఉంటుందా? నేనింకా ఘోరంగా ఉంటుందనుకున్నాను."

"దగ్గరున్నప్పుడు అంత ఉండదమ్మా. దూరంగా ఉన్నోళ్ళకే ఎక్కువ."

"ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు. ఆయనకి వాసన తెలీదు."

లక్ష్మణమ్మ తక్కెడ దించింది.

"పదిహేనేళ్ళయింది ముక్కు చచ్చిపోయి. ఆ పొడుం కూరీ కూరీ. మొన్న పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, కుర్చీలో కూర్చుని కాఫీ అయిందా అన్నారు. నువ్వు వచ్చిన రోజు వాసన వస్తోందన్నారే, నేను లోపల నిలబడి విన్నాను. నాకే రాలేదు, ఆయనకెలా వస్తుంది?"

లక్ష్మణమ్మకి నవ్వు రాలేదు. చేతివేళ్ళ కొసలు మండాయి. ముప్పై అయిదేళ్ళ చింతపండు, ముప్పై అయిదేళ్ళ బూడిద. ఎంతమంది గుమ్మాల్లో ఎంతమంది ఇలాగే, లేని వాసనకి ముక్కు మూసుకున్నారో.

"మరి ఆయన్ని అడగనేదా అమ్మా?"

"నిన్న అడిగాను. వాసన మాట కాగితంలో ఉండాలంటే ముందు నాకు వాసన చూసి చెప్పండి అన్నాను. ఒక గుడ్డలో ఇంగువ కట్టాను, ఒకదాంట్లో కర్పూరం కట్టాను. ఏది ఏదో చెప్పమన్నాను. రెండు చేతుల్లో రెండు మూటలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో. చివరికి కర్పూరం ఇచ్చి, ఇది పప్పులో వెయ్యి అన్నారు."

చెప్తూనే నవ్వింది. వెంటనే నవ్వు ఆపుకుంది, మొగుణ్ణి బజార్లో పెట్టానేమోనని.

"కూర్మయ్యకి కబురు పంపించారు, ఆ మాట కొట్టెయ్యమని. ఆయన నీతో చెప్పరు. చెప్పటం ఆయనకి రాదు. అందుకని నేనొచ్చాను."

"మీకేటమ్మా ఇందులో?"

తాయారమ్మ గోనె అంచు లాగుతూ కూర్చుంది.

"పైన కోతులు నడుస్తాయి. పొద్దస్తమానం ఆ నడకే వింటాను. మనిషి నడక వినాలని ఉంది. ఎవరిదైతేనేం?"

* * *

రెండోసారి పందిరి కిందికి లక్ష్మణమ్మ చేతులు కడుక్కోకుండా వచ్చింది. తెల్లవారుజాము నుంచి ఒడ్డున సావిడాయిలు తిరగేసి, అలాగే బస్సెక్కింది. ఒళ్ళో చిన్న మూట కూడా ఉంది. కూర్మయ్య అడిగాడని తెచ్చిన నెత్తళ్ళు. ఆమె చాప మీద కూర్చోగానే కూర్మయ్య తల ఎత్తి, మూట వైపు చూసి, మీసంలో నవ్వుకున్నాడు. వెనక పందిరిలో ఇంకో లేఖరి లేచి అవతలికి పోయాడు.

గణపతిరావుగారు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన ముక్కు దగ్గర ఏమీ కదల్లేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

మూట విప్పి ఆయన ముందు పెట్టాలనిపించింది ఆమెకి. ఒక్కసారి. చెయ్యి ముడిమీదికి పోయింది కూడా. అక్కడే ఆగింది. ఆయనని గెలవాలని కాదు వచ్చింది. తెలిసినదాన్ని ముడిలోనే ఉంచుకుంటే అది తనది, విప్పితే బజారుది.

కూర్మయ్య చదివాడు. మెట్లమీద చేపలు తేరాదన్న షరతు ఉంది. దాని తరవాత ఏమీ లేదు.

"మెట్ల షరతు మాత్రం తీసేది లేదు," అన్నాడు గణపతిరావుగారు, ఎవరూ అడక్కుండానే.

"ఉండనీండి బాబూ."

ఎడమచేతి బొటనవేలికి సిరా రాసి నొక్కింది. గీతలు స్పష్టంగా పడ్డాయి. పగిలిన చోట మాత్రం తెల్లగా ఒక సన్నగీటు మిగిలింది.

* * *

తరవాతి వారం, పట్టపగలు, గడ్డిమేడ ముందు ఒక బండి ఆగింది. బండిలో పన్నెండు గంపలు. జోగయ్య తలపాగా చుట్టుకునే దిగాడు. భుజాన మోకు, చేతిలో ఇనప గిలక. అతను చేపలేవీ లేకుండా మెట్లెక్కి పైకి వెళ్ళాడు. కాసేపటికి గడ్డి తలుపు తెరుచుకుంది. అతను బయటికి వంగి, దూలానికున్న కొక్కేనికి గిలక తగిలించి, మోకు కిందికి వదిలాడు. పనిలో పనిగా ఒంగిపోయిన రేకుని కూడా పీకేశాడు. అది వీధిలో పడి గణగణమంది.

ఆ చప్పుడుకి గణపతిరావుగారు బయటికి వచ్చాడు. లక్ష్మణమ్మ మొదటి గంప చెవులకి మోకు బిగిస్తోంది. తెప్పకి వేసే ముడి, లాగినకొద్దీ బిగుస్తుంది. వీధిలో జనం ఆగారు. జనపనార బండి ఒకటి ఆగిపోయింది.

"ఇదేమిటి? షరతు ఉంది," అన్నాడు గణపతిరావుగారు.

"ఉన్నాది బాబూ. మెట్లమీద సేపలు తేవద్దని. మీ మెట్లమీద ఒక్క నెత్తలి పడినాదేటో సూసుకోండి."

"ఆ తలుపు గడ్డికి పెట్టించింది."

"అవును బాబూ. గడ్డికి ఎట్టించిందే. నా సిన్నప్పుడు సూసినాను. గడ్డి ఎక్కినప్పుడు సేపెందుకు ఎక్కదు? లాగరా జోగీ."

మోకు బిగిసింది. గంప నేల వదిలింది. గాలిలో ఒక చుట్టు తిరిగి, చూరు దాటి, వీధి అంతా తలలెత్తి చూస్తుండగా పైకి పోయింది. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఎవరో ఈల వేశారు. జనపనార బండివాడు, "అమ్మా, ఇంకో పట్టు పట్టమంటావేటి?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వచ్చి మోకు పట్టాడు. గంప గడ్డి తలుపులోకి జారి, పొడి చీకట్లోకి పోయింది.

ఒకటి తరవాత ఒకటి పన్నెండూ ఎక్కాయి. మధ్యలో రెండు చినుకులు పడ్డాయి. గణపతిరావుగారు అరుగు మీదే నిలబడ్డాడు. షరతు తనే చెప్పి రాయించాడు. కోర్టులో నలభై ఏళ్ళు కాగితాలు చూసిన మనిషికి, కాగితంలో లేనిది అడిగే నోరు లేదు.

చివరి గంప ఎక్కాక లక్ష్మణమ్మ చేతులు దులుపుకుంది. పొలుసులు రాలాయి. అరుగెక్కి ముందుగదిలోకి నడిచింది. మెట్ల దగ్గర గణపతిరావుగారు అడ్డుగా కాదు గాని, దగ్గరగా నిలబడి ఉన్నాడు. ఆమె చేతుల వైపు చూశాడు. గుమ్మం పక్కన నీళ్ళ గాబు ఉంది, దాని మీద చెంబు ఉంది.

"చేతులు," అన్నాడు ఆయన.

ఆమె ఆగింది. తరవాతి మాట కోసం ఎదురుచూసింది, ఎంతసేపైనా చూడగలిగినట్టు. ఆయన పెదవులు కదిలాయి. వెనకాల వంటింటి గుమ్మంలో తాయారమ్మ నిలబడి భర్తనే చూస్తోంది. ఆమె చేతిలో ఇంగువ డబ్బా ఉంది. పప్పులో వేస్తూ అలాగే వచ్చినట్టుంది.

ఆయన పక్కకి జరిగాడు.

లక్ష్మణమ్మ గోడవైపు ఒదగలేదు. మొదటి మెట్టు మీద నిలబడి, కుడి అరచెయ్యి తెరిచి, నున్నటి కర్ర మీద పెట్టింది. అలా రాస్తూ, ఎక్కడా ఎత్తకుండా పదిహేడు మెట్లూ ఎక్కింది. సగంలో ఒక సంగతి తోచింది. ఈ కర్రని ఇంత నున్నగా చేసినవాళ్ళు జమీందార్లు కారు. వాళ్ళు గడ్డి అటక ఎందుకెక్కుతారు? గుర్రాలవాళ్ళు. పొద్దున్నా సాయంత్రం ఎక్కుతూ దిగుతూ, పేడ చేతుల్తో, చెమట చేతుల్తో అరగదీశారు.

పైన గంపలు వరసగా ఉన్నాయి. గాలి ఒక గోడలోంచి వచ్చి, వాటి మీదుగా, రెండో గోడలోంచి పట్నంలోకి పోతోంది. వాన అందుకుంది. ఒక్క చుక్క కూడా లోపల పడటం లేదు. ముల్లు ఉన్నచోటు తడుముకుని చూసుకుంది. ఉంది ఇంకా. ఉండనీ అనుకుంది.

కిందికి దిగేటప్పుడు కర్ర మీద రెండో చెయ్యి వేసి దిగింది.